మంగళాశాసనం ముందు మోగకుండా: పాటల డబ్బాకి చిప్పు ఎక్కించడంలో నా అనుభవం

వేంకటేశ్వర సుప్రభాతంలో నాలుగు భాగాలున్నాయి. ముందు సుప్రభాతం 29 శ్లోకాలు, తర్వాత స్తోత్రం 11, ప్రపత్తి 16, చివర మంగళాశాసనం 14. ఈ నాలుగింటినీ నాలుగు ఫైళ్ళుగా దింపుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టి, పేర్ల వరసలో పాడే ప్లేయర్లో వేసి చూడండి. ముందు ‘ఎం’తో మొదలయ్యే మంగళాశాసనం వస్తుంది. తర్వాత ‘పి’ కనక ప్రపత్తి. ఆ తర్వాత ‘ఎస్‌టి’ స్తోత్రం, ఆఖరున ‘ఎస్‌యు’ సుప్రభాతం. సరిగ్గా తలకిందులు. తెల్లారగట్ల నాలుగున్నరకి మీట నొక్కిన మామ్మగారు “మంగళం పాడేశాక స్వామిని లేపుతోందేంట్రా ఇది?” అని అడుగుతారు. ఆవిడ అడిగిందాంట్లో తప్పేం లేదు. పాటలు కాపీ చేయడం ఒక పని, అవి వినేవాళ్ళకి వరసగా అందడం ఇంకో పని. మొదటిదానికి పది నిమిషాలు చాలు. ఇక్కడ రాస్తున్నదంతా ఎక్కువగా రెండోదాని గురించే.

మా కోనసీమలో, అటు భీమవరం, నరసాపురం వైపు కూడా, పాటల డబ్బా అంటే తెర లేని చిన్న స్పీకరు. చిప్పుకి, అంటే మెమరీ కార్డుకి, ఒక సందు, పెన్ డ్రైవ్‌కి ఒక సందు, ఎఫ్ఎం, బ్లూటూత్, నాలుగైదు మీటలు. కొన్నింటికి ఫోనులో ఉన్నట్టు అంకెల మీటలు కూడా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళ మంచం పక్కన, రొయ్యల చెరువు గట్టు మీద కాపలా మకాంలో, కొబ్బరి ఒలిచేచోట, చిన్న గుళ్ళో, ఎక్కడ చూసినా ఇదే. చేతిలో స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్ళు కూడా దీన్ని వదలరు. చీకట్లో తడుముకుని నొక్కినా పాడుతుంది, నెట్ అక్కర్లేదు, ఫోను ఛార్జింగు అయిపోదు. కానీ తెర లేదు కాబట్టి ఏ పాట ఎక్కడుందో వెతుక్కునే వీలు లేదు. వెతుక్కునే పనంతా మనం ముందే చేసి పెట్టాలి.

ముందు ఫైళ్ళ సంగతి. పాటల యాప్‌లలో ‘డౌన్‌లోడ్’ నొక్కి దాచుకున్నవి ఈ పనికి రావు. అవి తాళం వేసిన ఫైళ్ళు. ఆ యాప్ లోపల, చందా ఉన్నంతకాలమే పాడతాయి. ఫోన్లో ఎక్కడో ఫోల్డరు దొరికి, దాన్ని చిప్పులోకి లాగినా డబ్బాకి అది పాట కాదు. పనికొచ్చేవి వేరే: సొంత సీడీల నుంచి తీసుకున్నవి, డబ్బు కట్టి ఫైలుగా కొనుక్కున్నవి, హక్కుదారులే ఉచితంగా ఇచ్చినవి, మనం రికార్డు చేసుకున్న భజనలు, హరికథలు. ఐట్యూన్స్ స్టోర్లో కొన్న పాటలకి 2009 నుంచి తాళం లేదు. కానీ అవి ఎం4ఏ అనే వేరే రకం ఫైళ్ళు. మన డబ్బాల్లో చాలావాటికి ఎం4ఏ అర్థం కాదు. ఉచిత ఆన్‌లైన్ భండారమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒకే రికార్డింగుకి రెండు మూడు రకాల ఫైళ్ళు కనిపిస్తుంటాయి. వాటిలో ఎంపీ3 అన్నదే దింపుకోండి. డబ్బా ఏ కంపెనీదైనా ఎంపీ3 పాడి తీరుతుంది. ఫ్లాక్, వేవ్, డబ్ల్యూఎంఏ పాడతానని పెట్టె మీద రాసి ఉన్నా, చేతిలో పెట్టుకుని విన్నాకే నమ్మాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. ఫైలు చివర ఉన్న ‘ఎం4ఏ’ అన్న అక్షరాలు చెరిపేసి ‘ఎంపీ3’ అని రాస్తే అది ఎంపీ3 అయిపోదు. పేరు మారింది గానీ లోపల సరుకు అదే. డబ్బా దాన్ని తెరవబోయి, కుదరక, తర్వాతి పాటకి దూకేస్తుంది. లేదా అక్కడే బిగుసుకుపోతుంది. నిజంగా మార్చాలంటే ఫూబార్2000, ఆడాసిటీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి ప్రోగ్రాముల్లో దేనితోనైనా మార్చాలి. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజీలు ఓపస్ రకం. పెద్దాయన పాడి పంపిన పద్యమో, చెల్లెలు పాడిన మంగళహారతో చిప్పులో వేయాలంటే దాన్నీ ఇలాగే మార్చుకోవాలి. వాట్సాప్‌లో ఆడియోగా వచ్చిన పాటలకి ఇంకో ఇబ్బంది ఉంది: అసలు పేరు పోయి, తేదీ, వరస సంఖ్య మాత్రమే మిగులుతాయి. అలాంటివి ఇరవై ఉంటే ఇరవైనీ విని పేర్లు పెట్టుకోక తప్పదు. అదే పాట డాక్యుమెంటుగా పంపమంటే పేరు అలాగే ఉండి వస్తుంది. పంపేవాళ్ళకి ముందే ఆ మాట చెప్పండి.

ఎంత నాణ్యత పెట్టాలి? సెకనుకి 128 కిలోబిట్లు అంటే నిమిషానికి దాదాపు ఒక ఎంబీ, అయిదు నిమిషాల పాట అయిదు ఎంబీ లోపు. 320 అయితే అదే పాట 12 ఎంబీ. అరచేతి స్పీకర్లో ఈ రెంటికీ తేడా వినిపించదు. 128తో 32 జీబీ చిప్పులో దాదాపు 550 గంటల పాటలు పడతాయి. అంటే జాగా కోసం గుంజాటన అక్కర్లేదు. నేను సినిమా పాటలకి 192, ఉపన్యాసాలకి, హరికథలకి ఒక్క ఛానెల్‌లో 64 పెడతాను. చేతికి 128లో వచ్చిన పాటని 320కి ‘పెంచడం’ మాత్రం చేయకండి. ఫైలు బరువు పెరుగుతుంది, మార్చిన ప్రతిసారీ ధ్వని ఇంకాస్త అరిగిపోతుంది, పోయిన నాదం తిరిగి రాదు. ఇంకో మాట, రేటు మారుతూ ఉండే రకం కాకుండా స్థిరంగా ఉండే రకం, అంటే సీబీఆర్, ఎంచుకోండి. చవక డబ్బాలు కొన్ని మొదటి ముక్కలో ఉన్న రేటు చూసి మొత్తం పాట నిడివి లెక్కేసుకుంటాయి. రేటు మారే ఫైలు అయితే ఆ లెక్క తప్పుతుంది, ముందుకి జరిపితే ఎక్కడికో వెళ్ళి పడుతుంది.

చిప్పు కొనేటప్పుడు 32 జీబీ దాటకండి. ఇది పిసినారితనం కాదు, లెక్క ఉంది. 32 వరకు ఉన్న కార్డులు ఫ్యాట్32 అనే, ఫైళ్ళు సర్దే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. 64, ఆ పైవి ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. మన డబ్బాల్లో ఎక్కువ భాగానికి ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు. చిప్పు పెట్టగానే ఒక కూత కూసి మళ్ళీ బ్లూటూత్‌కో, ఎఫ్ఎంకో వెళ్ళిపోతుంది. “చిప్పు తీసుకోవట్లేదు” అని షాపుకి తిరిగి తెచ్చేవాటిలో ఇదే ముందు చూడాలి. విండోస్‌లో మామూలు ఫార్మాట్ పెట్టె 32 జీబీ దాటిన కార్డుకి ఫ్యాట్32 అన్న మాటే చూపించదు. ఇప్పటికే 64 కొనేసి ఉంటే రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో దాన్ని ఫ్యాట్32 చేసుకోవచ్చు. 32 జీబీ కార్డు కంప్యూటర్లో 29 చిల్లరే చూపించినా కంగారు పడకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, కంప్యూటరు 1024 చొప్పున లెక్కేస్తుంది. తేడా అంతే.

అసలు కంగారు పడాల్సింది నకిలీ చిప్పుకి. తీర్థాల్లో, సంతల్లో చవగ్గా దొరికే వాటిలో పైన 32 అని రాసి ఉన్నా లోపల 4 మాత్రమే ఉన్నవి ఉంటాయి. లోపలి కంట్రోలరు చేత అబద్ధం చెప్పిస్తారు. మీరు 20 జీబీ పాటలు కాపీ చేస్తే ఏ అభ్యంతరం లేకుండా అయిపోయిందంటుంది. ఫైళ్ళ పేర్ల పట్టిక చిప్పు మొదట్లోనే ఉంటుంది కనక పేర్లన్నీ కనిపిస్తాయి. మొదటి కొన్ని వందల పాటలు మోగుతాయి కూడా. తర్వాతవి మౌనం, లేదా గరగర, లేదా వేరే పాట ముక్క. కొత్త చిప్పు కొన్నరోజే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో, లినక్స్‌లో, మాక్‌లో ఎఫ్3 అనే ప్రోగ్రాంతో ఒకసారి పరీక్ష చేయండి. చిప్పు నిండేదాకా రాసి, మళ్ళీ మొత్తం చదివి పోలుస్తుంది. సెకనుకి 10 ఎంబీ రాసే కార్డుకి 32 జీబీ రాయడానికే 55 నిమిషాల దాకా పడుతుంది, చదవడం అదనం. వంట అయ్యేలోగా అయిపోతుంది. ఈ పరీక్ష తప్పిన చిప్పుని నమ్మకుండా ఆరోజే తిరిగిచ్చేయాలి.

పేర్లు పెట్టడం దగ్గర ఓపిక పట్టాలి. కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరిచి, అందులో చిప్పులో ఎలా ఉండాలో సరిగ్గా అలాగే సర్దుకుంటాను. నేరుగా చిప్పు మీద ఎప్పుడూ సర్దను. ప్రతి ఫైలు ముందూ మూడంకెల సంఖ్య ఉండాలి: 001, 002, 003 అని. ఒక్క అంకె పెడితే ఏమవుతుందో భగవద్గీత 18 అధ్యాయాలు ఎక్కిస్తే తెలుస్తుంది. ఒకటో అధ్యాయం కాగానే పది, పదకొండు, అలా పద్దెనిమిది దాకా వెళ్ళి, అప్పుడు రెండుకి వస్తుంది. ప్లేయరు సంఖ్య విలువ చూడదు, ఒక్కో అక్షరమే చూస్తుంది. అలాగే త్యాగరాజ పంచరత్నాలు పాడే క్రమం నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. కృతుల పేర్లతో ఇంగ్లీషు అక్షరక్రమంలో వదిలేస్తే గౌళ ముందొచ్చి, ఆఖరున రావాల్సిన శ్రీరాగం రెండోదై, నాట మూడోదవుతుంది. పేర్ల వరసలో పాడే ప్లేయర్లో సంఖ్య ఉంటే ఈ బాధ లేదు.

తెర ఉన్న ప్లేయర్లకి ఫైలు పేరు తెలుగులో పెట్టాలని మనసు లాగుతుంది. పెట్టినా చవకవాటిల్లో గళ్ళు గళ్ళుగానో, ప్రశ్నార్థకాలుగానో కనిపిస్తుంది. ఫాంటు ఒకవేళ ఉన్నా, గుణింతాలు, ఒత్తులు కలిపి చూపించే పని దానికి చేతకాదు, అక్షరాలు విడివిడిగా చెల్లాచెదురుగా పడతాయి. కాబట్టి ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా. తెలుగు పేరు కాగితం మీద రాసుకుందాం, ఆ సంగతి తర్వాత చెప్తాను.

పాట లోపల దాగి ఉండే ట్యాగులు, అంటే పాట పేరు, ట్రాక్ నంబరు లాంటి వివరాలు, వేరే. వెబ్‌సైట్ల నుంచి దింపిన పాటల్లో పాట పేరు ఉండాల్సిన చోట ఆ సైటు పేరే ఉంటుంది. తెర ఉన్న ప్లేయరు అన్ని పాటలకీ అదే పేరు చూపిస్తుంది. ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాంలో అన్నీ ఒకేసారి ఎంచుకుని, ఫైలు పేరు నుంచి ట్యాగులు నింపమంటే ఒక్క నొక్కుతో బాగవుతాయి. ట్యాగు రకం ఐడీ3వీ2.3 పెట్టండి. 2.4 కొత్తదే గానీ పాత ప్లేయర్లు చాలావాటికి 2.3 మాత్రమే తెలుసు. ముఖచిత్రం గురించి ఒక హెచ్చరిక. ఈ ట్యాగు ఫైలు మొదట్లో ఉంటుంది, సంగీతం దాని తర్వాతే మొదలవుతుంది. మూడు నాలుగు ఎంబీల బొమ్మ అందులో ఇరికిస్తే, చిన్న ప్లేయరు ప్రతి పాటకీ ముందు దాన్ని దాటుకుని వెళ్ళాలి. మీట నొక్కాక రెండు మూడు సెకన్లు మౌనంగా ఉండడానికి కారణం ఇదే. తెర లేని డబ్బాకి బొమ్మ పూర్తిగా తీసేయండి. తెర ఉంటే 500 చుక్కల చదరం దాటకుండా, ప్రోగ్రెసివ్ కాని మామూలు జేపెగ్ పెట్టండి.

ఇంకో చిన్న పని, కానీ రాత్రిళ్ళు వినేవాళ్ళకి చాలా మేలు. పాత రికార్డింగులు మెల్లగా, ఈ మధ్యవి గట్టిగా ఉంటాయి. పక్కపక్కన వస్తే, పాత పాటకి శబ్దం పెంచుకున్న మనిషి తర్వాతి పాటకి ఉలిక్కిపడతాడు. ఎంపీ3గెయిన్ అనే ప్రోగ్రాం అన్నింటినీ ఒక మట్టానికి తెస్తుంది. దాని మామూలు మట్టం 89 డెసిబెల్స్, దాన్నే ఉంచేయండి. అది పాటని విప్పి మళ్ళీ కట్టదు, లోపల ఉన్న శబ్దపు అంకెని మాత్రం 1.5 డెసిబెల్ మెట్లలో జరుపుతుంది. అందుకే నాణ్యత ఏమీ పోదు.

ఇప్పుడు ఇందాకటి వరస సంగతి. మూడంకెల సంఖ్యలు పెట్టినా చాలా డబ్బాలు ఆ వరసలో పాడవు. ఎందుకంటే వాటికి పేర్లు పేర్చుకునే తెలివి ఉండదు. చిప్పు మీద ఫైళ్ళ పట్టిక ఏ వరసలో రాసి ఉందో ఆ వరసలో పాడుకుంటూ పోతాయి. కంప్యూటర్లో చూస్తే మనకి చక్కగా 001, 002 అని కనిపిస్తుంది. అది కంప్యూటరు మనకోసం పేర్చి చూపించడం. చిప్పులో ఉన్నది మాత్రం ఏది ముందు రాశామో ఆ క్రమం.

గుళ్ళో అర్చనకి గోత్రనామాలు రాసుకునే పుస్తకం అనుకోండి. ముందొచ్చినవాళ్ళ పేరు ముందు. మధ్యలో ఒకరి పేరు కొట్టేసి, ఆ ఖాళీ గీతలో ఆఖరున వచ్చినవాళ్ళ పేరు రాస్తే, చదివేటప్పుడు వాళ్ళు మధ్యలోనే వస్తారు. ఫ్యాట్ పట్టిక సరిగ్గా ఇలాంటిదే. ఒక్కో గీత 32 బైట్లు, పేరు పొడుగైతే ప్రతి 13 అక్షరాలకీ ఒక గీత అదనం. పాట చెరిపేస్తే ఆ గీతలు ఖాళీ అని గుర్తు మాత్రం పడుతుంది. తర్వాత కొత్త పాట వేస్తే ఆ ఖాళీలోకి దూరే అవకాశం ఉంది. అందుకే “ఒక్క పాట తీసి ఒక్కటే వేశాను, మొత్తం వరస చెడింది” అంటారు. రెండొందల పాటల్లో ఒక్కటి మార్చాలన్నా, నేను చిప్పు మొత్తం చెరిపి, ఫార్మాట్ చేసి, మళ్ళీ మొదటి నుంచి రాస్తాను. వరస మీద భరోసా ఉండాలంటే ఇదే సులువు.

రాసేటప్పుడు విండోస్‌లో ఒక చిక్కుంది. అన్ని ఫైళ్ళూ ఎంచుకుని, మధ్యలో ఉన్న ఏ ఫైలునో పట్టుకుని లాగితే, ఆ పట్టుకున్న ఫైలే ముందు వెళ్తుంది. 057 పట్టుకుని లాగితే డబ్బాలో మొదటి పాట 057. కాబట్టి ముందు పేర్ల వరసలో పెట్టుకోండి. ఆఖరి ఫైలు మీద ఒకసారి నొక్కి, షిఫ్ట్ పట్టుకుని 001 మీద నొక్కండి. అన్నీ ఎంపికయ్యాక 001 మీదే రైట్ క్లిక్ చేసి కాపీ చేసి, చిప్పులో పేస్ట్ చేయండి. ఫోల్డర్లు ఉంటే ఒక్కొక్క ఫోల్డరూ విడిగా, మీకు కావలసిన క్రమంలో పంపండి, ఎందుకంటే ఫోల్డర్ల వరస కూడా ఇదే పద్ధతిలో పడుతుంది. ఫోల్డరు లోపల ఫోల్డరు పెట్టకండి, ఒక్క అంతస్తు చాలు. కొన్ని డబ్బాలు ఏ ఫోల్డర్లోనూ లేకుండా విడిగా పైన ఉన్న పాటలన్నీ పాడి, ఆ తర్వాతే ఫోల్డర్లలోకి వెళ్తాయి. అందుకని పైన ఏ పాటా విడిగా వదలకుండా అన్నీ ఫోల్డర్లలో పెట్టడం మేలు.

అంత జాగ్రత్త మా వల్ల కాదంటే, ఎలా కాపీ అయినా సరే, తర్వాత పట్టికని పేర్ల వరసలో తిరగరాసే ప్రోగ్రాములున్నాయి: విండోస్‌కి డ్రైవ్‌సార్ట్, లినక్స్‌కి ఫ్యాట్‌సార్ట్. పాటల జోలికి పోకుండా పట్టికని మాత్రం సర్దుతాయి, క్షణాల్లో పని. ఫోను నుంచి కార్డు రీడరు పెట్టి నేరుగా చిప్పులోకి కాపీ చేసినప్పుడు వరస మన చేతిలో ఉండదు. ఫోనుతో చేస్తే ఆఖరున ఒకసారి కంప్యూటర్లో ఇలా సర్దించుకోక తప్పదు.

మాక్ వాడేవాళ్ళకి ఇంకో బెడద. ఫ్యాట్ చిప్పు మీదకి కాపీ చేసినప్పుడు చాలాసార్లు ప్రతి పాట పక్కనా చుక్క, అడుగుగీతతో మొదలయ్యే ఒక దాగుడు ఫైలు రాస్తుంది. కంప్యూటరు దాన్ని దాచేస్తుంది, డబ్బా దాచదు. దాని పేరు కూడా ఎంపీ3తోనే ముగుస్తుంది కనక పాటే అనుకుని తెరుస్తుంది. అప్పుడు పాటకీ పాటకీ మధ్య ఒక తడబాటు, అంకెల మీటలున్న డబ్బాలో అయితే నంబర్లన్నీ రెట్టింపు. చిప్పు తీసే ముందు ఆ దాగుడు ఫైళ్ళని ఏరిపారేయాలి.

కాపీ గీత నిండిపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. లినక్స్‌లోనైతే మరీను, సగం పాటలు ఇంకా కంప్యూటరు జ్ఞాపకంలోనే ఉండి, నెమ్మదిగా చిప్పులోకి దిగుతుంటాయి. ‘ఇజెక్ట్’ నొక్కి, తీసుకోవచ్చు అన్నాకే లాగండి. మన వైపు గాలివాన రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని ఆ పూట పెట్టుకోకండి. రాస్తుండగా ఆగిపోతే, పాట పేరు ఉంటుంది, బరువు సున్నా అని చూపిస్తుంది. లేదా పట్టికే చెడి మొత్తం చిప్పు ఖాళీగా కనిపిస్తుంది. చెక్‌డిస్క్‌తో కొంత బాగవుతుంది గానీ, ఫార్మాట్ చేసి మళ్ళీ ఎక్కించుకోవడమే నమ్మకమైన దారి. కంప్యూటర్లో సర్దిన ఫోల్డరు అలాగే ఉంది కాబట్టి పోయేదేం లేదు.

తర్వాత డబ్బాలోనే పెట్టి పరీక్షించాలి. మొదటి పాట, పదోది, వందోది, ఆఖరిది వినాలి. ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ పెడితే ఎక్కడ మొదలవుతోందో చూడాలి. కొన్ని డబ్బాలు ఆగిన పాట మొదటికి వెళ్తాయి, కొన్ని ఏకంగా ఒకటో పాటకి వెళ్ళిపోతాయి, కొన్నే ఆగిన చోటు గుర్తుపెట్టుకుంటాయి. మూడు గంటల హరికథ ఒకే ఫైలుగా ఉంటే, మొదటి రకం డబ్బాలో ఎప్పటికీ రెండో గంట వినలేరు. దాన్ని 15, 20 నిమిషాల ముక్కలు చేయాలి. ఎంపీ3డైరెక్ట్‌కట్‌తో కోస్తే మళ్ళీ కట్టకుండా కోస్తుంది కనక ధ్వని తగ్గదు. కథకుడు ఊపిరి తీసుకునే చోటో, వంత పాట ముగిసిన చోటో కోయండి. గడియారం చూసి మాట మధ్యలో నరకకండి.

అంకెల మీటలున్న డబ్బాకి ఈ కష్టమంతా రెట్టింపు ఫలితం ఇస్తుంది. 2, 1, 5 వరసగా నొక్కితే 215వ పాట పాడుతుంది. అది పట్టికలోని 215వది, ఫైలు పేరు ముందున్న సంఖ్య కాదు. రెండూ ఒకటే అయ్యేలా రాశాం కాబట్టి ఇప్పుడు కాగితం పనికొస్తుంది. ఒక పొడుగాటి నోటుబుక్కులో పేజీకి పన్నెండు పాటలకి మించకుండా, నల్ల స్కెచ్‌పెన్నుతో, పెద్ద తెలుగు అక్షరాల్లో రాస్తాను. ఎడమ పక్క అంకె, కుడి పక్క పాట మొదటి మాటలు. సినిమా పేరు కన్నా పల్లవి మొదటి రెండు మాటలే పెద్దవాళ్ళకి గుర్తుంటాయి. దేవుడి పాటలు 001 నుంచి, పద్యాలు 101 నుంచి, సినిమా పాటలు 201 నుంచి మొదలయ్యేలా చేస్తే వెతుక్కోవడం ఇంకా తేలిక. దేవుడి పాటలు వంద లేకపోతే? మధ్యలో సంఖ్యలు వదిలేస్తే డబ్బా లెక్క తప్పుతుంది, ఎందుకంటే అది ఫైళ్ళనే లెక్కపెడుతుంది. ఆ ఖాళీల్లో అయిదు సెకన్ల మౌనం ఉన్న ఫైలుని కాపీలుగా పెట్టి నింపుతాను. మౌనం ఫైలు ఒకటి ఆడాసిటీలో నిమిషంలో తయారవుతుంది.

తెర ఉన్న మంచి ప్లేయర్ల సంగతి తేలిక. తీగ పెట్టగానే కంప్యూటర్లో కనిపిస్తే ‘మ్యూజిక్’ ఫోల్డర్లో వేయండి. కనిపించకపోతే ముందు తీగ మార్చి చూడండి. ఛార్జింగు కోసమే చేసిన తీగల్లో సమాచారం మోసే రెండు పోగులు ఉండవు. మాక్‌లో కనిపించకపోతే ప్లేయరు ఎంటీపీ అనే, ఫైళ్ళు పంపుకునే పద్ధతిలో ఉండి ఉంటుంది, మాక్‌కి అది సొంతంగా రాదు. ఇలాంటి ప్లేయర్లు ఫైలు పేరు కాక ట్యాగులోని ట్రాక్ నంబరు చూస్తాయి కనక ఎంపీ3ట్యాగ్‌లో అది నింపాలి. పాత ఐపాడ్ మాత్రం వేరే జాతి. దానిలోకి ఫైళ్ళు లాగి వేస్తే నిల్వ ఉంటాయి గానీ పాడవు, విండోస్‌లో ఐట్యూన్స్, కొత్త మాక్‌లలో ఫైండర్ లాంటి ప్రోగ్రాం ద్వారా ఎక్కించాలి.

ఉప్పుగాలి గురించి చెప్పకపోతే మా ప్రాంతంలో ఈ వివరం అసంపూర్తి. అంతర్వేది, ఓడలరేవు వైపు, ఉప్పునీటి చెరువుల గట్ల మీద మకాముల్లో, చిప్పు వెనకున్న రాగిరంగు పట్టీల మీద పొర పడుతుంది. చిప్పు ఉన్నట్టుండి కనిపించడం మానేస్తుంది, తీసి పెడితే మళ్ళీ పాడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తటి గుడ్డతో ఆ పట్టీలు తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. గోటితో, బ్లేడుతో గీకకండి. ఛార్జింగు పిన్ను పెట్టే సందులో పచ్చగా చిలుము కనిపిస్తే, ముందు డబ్బా ఆపి, అదే మందుతో మెత్తటి బ్రష్షు వాడండి. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల పక్కన, తుంపర పడే చోట డబ్బా వేలాడదీయకుండా, మకాం లోపలి వాసానికి కట్టుకోవడం మంచిది. బ్యాటరీ ఉబ్బి డబ్బా మూత లేచినట్టు కనిపిస్తే, పాటల మాట అలా ఉంచి వెంటనే వాడకం ఆపేయాలి, ఛార్జింగు అసలు పెట్టకూడదు.

చిప్పులు ఎప్పుడైనా చెడతాయి, ముందుగా చెప్పి చెడవు. అందుకే అంతా బాగా మోగుతోందని తేలినరోజే, కంప్యూటర్లోని అదే ఫోల్డరుని రెండో చిప్పుకి అదే వరసలో రాసి, చిన్న ప్లాస్టిక్ డబ్బీలో వేసి, నోటుబుక్కు అట్ట లోపలి జేబులో పెట్టేస్తాను. అట్ట మీద తేదీ, మొత్తం పాటల సంఖ్య రాస్తాను. ఇంకో ఏడాదికి కొత్త పాటలు కావాలంటే 400 దగ్గర ఆగామని చూసి, 401 నుంచి మొదలుపెట్టొచ్చు.